మూడు చోట్ల దాచిన చేపల దారి

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా అమ్మ చెప్పేది. సరే, చదువు రాకపోతే సముద్రం ఉంది కదా అని మా నాన్న డింగీ ఎక్కించాడు. డింగీ జెట్టీ దాటిందో లేదో, పొద్దున తాగిన గంజి అంతా చేపలకి పెట్టేశాను. ఆయన వారం రోజులు ఓపిక పట్టి, "ఈడు మేత ఎయ్యడానికి తప్ప దేనికీ పనికిరాడు" అని దింపేశాడు. శ్రీకాకుళం తీరం నుంచి ఇంత దూరం అండమాన్‌కి వచ్చి వేట మీద బతికిన మా ఇంట్లో, అటు పుస్తకానికీ ఇటు నీళ్ళకీ కొరగాని మొదటి మగాణ్ణి నేనే.

అలా పోర్ట్ బ్లెయిర్ బజార్లో రేడియోలు బాగుచేసే కొట్లో పడ్డాను. రేడియోలు పోయి టేపురికార్డర్లు వచ్చాయి, అవి పోయి వీసీఆర్లు, అవీ పోయి కంప్యూటర్లు. ఎన్ని మారినా నా స్టూలు మాత్రం మారలేదు. నలభై ఏళ్ళకి పైగా దాని మీదే కూర్చుని, మోకాళ్ళు మొరాయించాక లేచాను. దాన్నే రిటైర్మెంట్ అని చెప్పుకుంటున్నాను, వినడానికి పెద్దమనిషి తరహాగా ఉంటుందని.

ఇప్పుడు మా పేట బ్రూక్షాబాద్ పిల్లలు దారిలో ఆపి, "అంకుల్, ఫోన్ నిండిపోయింది, ఫొటోలు ఎక్కడ పెట్టాలి?" అని అడుగుతుంటారు. మీకోసమే ఇది రాస్తున్నాను. మీలో సగం మందికి తెలుగు మాట్లాడటం వచ్చుగాని చదవడం రాదని నాకు తెలుసు. ఇంట్లో చదవగలిగిన వాళ్ళని బతిమాలుకోండి. ఆ వంకన వాళ్ళతో కాసేపు కూర్చున్నట్టూ ఉంటుంది.

మా కొట్లో చివరి పదిహేనేళ్ళు నా ముఖ్యమైన పని బ్యాకప్. మీ దగ్గరున్న దానికి ఇంకో నకలు తీసి పక్కన పెట్టడం, అంతే. మీకు అది ఫోనులో వేలితో నొక్కే పని. మాకు అదొక క్రతువు. సముద్రం అడుగున తీగ పడకముందు ఇక్కడ నెట్టు ఎలా ఉండేదంటే, ఒక పెళ్ళి వీడియో మెయిన్‌లాండుకి పంపడం మొదలుపెడితే ఆ జంటకి బిడ్డ పుట్టేలోగా చేరుతుందన్న నమ్మకం ఉండేది కాదు. అదే సీడీలో ఎక్కించి ఓడెక్కేవాడి చేతికిస్తే, నాలుగు రోజుల్లో చెన్నైలో ఉండేది. అందుకని అందరూ సీడీలే, తర్వాత డీవీడీలు, ఆ తర్వాత పెన్‌డ్రైవులు, మెమరీ కార్డులు.

వాటికి మా గాలే శత్రువు. ఇనుముని తినేస్తుంది, చెప్పుల మీద బూజు పెంచుతుంది, సీడీ ఒక లెక్కా? అందుకే మా కొట్టు ఓనరు సేఠ్ ఒక రూలు పెట్టాడు. "తీన్ జగహ్ రఖో. ఏక్ గయా తో దో హై." మూడు చోట్ల పెట్టు, ఒకటి పోయినా రెండుంటాయి. ఒకటి కస్టమరు చేతికి, ఒకటి కొట్లో బీరువాకి, ఒకటి మా ఇంటికి. తేమ తగలకుండా ఇంట్లో బియ్యం డబ్బాలో గుచ్చి పెట్టేవాణ్ణి. మా ఆవిడ ప్రతి పూటా సణిగేది: "ఈ ఇంట్లో అన్నం వండుదామని చెయ్యి పెడితే ఊళ్ళో వాళ్ళ పెళ్ళిళ్ళు తగుల్తున్నాయి."

కౌంటర్లో ఒక దీదీ ఉండేది. బెంగాలీ ఆవిడ, కస్టమర్ల పుణ్యమా అని తెలుగు, తమిళం, నికోబారీ బూతులు అన్నీ నేర్చుకుంది. సీడీల మీద పేర్లు ఆవిడే రాసేది. నేను రాస్తే నా అక్షరాలు చూసి, "యే క్యా హై, చీమల ఊరేగింపా?" అనేది. ఆవిడా నేనూ ఇరవై ఏళ్ళు ఒకే ఫ్యాన్ కింద పోట్లాడుకున్నాం. సొంత అక్కతో కూడా నేను అన్నేళ్ళు పోట్లాడలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చాడు. ఇక్కడే పుట్టిన మనిషి, మా నాన్నతో కలిసి వేటాడినవాడు, నాకు వరసకి బాబాయ్. సొంత డింగీ ఉంది. చెవిలో బీడీ, చంకలో ప్లాస్టిక్ సంచీ. ఆ సంచీలో ఇంకో సంచీ, అందులో తువ్వాలు, తువ్వాల్లో జీపీఎస్. చేతిలో పట్టే చిన్న యంత్రం, సముద్రం మీద ఒక చోట మీట నొక్కితే ఆ చోటుని గుర్తు పెట్టుకుంటుంది. మళ్ళీ ఎప్పుడైనా అక్కడికే దారి చూపిస్తుంది.

"ఆవిణ్ణి బయటికి పొమ్మను" అన్నాడు కూర్చోకుండానే.

దీదీ నడుం మీద చేతులు పెట్టుకుని, తానేమైనా చేపలు పట్టడానికి పోతుందా అని అడిగింది. "బాబా, మై క్యా మఛ్లీ పకడ్‌నే జావూంగీ?"

"నువ్వెల్లవమ్మా. నీ నోరెల్తాది."

దీదీ మూతి తిప్పుకుంటూ బయట టీకొట్టు దగ్గరికి పోయింది. ఆయన తలుపు దగ్గరికి వేసి, నా చెవిలో చెప్పాడు. అవతలి జెట్టీలో ఒకాయన జీపీఎస్ తడిసి చచ్చిపోయిందట. ఆయన ఆ సీజనంతా తప్పిపోయిన గేదె కోసం వెతికినట్టు సముద్రం మీద తిరిగాడట. తనకి అలాంటి గతి పట్టకుండా లోపలున్నది తీసి దాచమన్నాడు.

తీగ తగిలించాను. నలభై చిల్లర చుక్కలు తెర మీదికి వచ్చాయి. ఒక్కొక్కటి ఒక్కో చోటు. పైన చూస్తే అంతా ఒకే నీలం. కింద మాత్రం అక్కడొక బండ, ఆ బండల సందుల్లో పెద్ద ఎర్ర చేపలు. ఒడ్డుకి దగ్గరున్నవి అందరికీ తెలుసు, అందుకే అక్కడ చేపలు లేవు. కొండలు కూడా కనబడనంత దూరంలో ఉన్న ఆ నలభై చిల్లర చోట్లు మాత్రం ఆయన ఒక్కడివే. పొలం ఉన్నవాళ్ళు చౌల్దారీ ఊళ్ళో గట్లు వేసుకుంటారు. ఈయన పొలానికి గట్టు ఉండదు, కాగితం ఉండదు, ఈ చుక్కలే ఉంటాయి. వేటగాళ్ళు వీటిని తోడబుట్టినవాళ్ళకి కూడా చెప్పరు.

"మొత్తం ఎక్కిపోనాదా?" అని అడిగాడు.

"మొత్తం బాబాయ్. నీ దగ్గర ఏముందో నా దగ్గరా అదే ఉంది. రేపు నువ్వు లేకపోయినా నేను డింగీ వేసుకుని పోయి పట్టుకొచ్చెయ్యగలను."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. కౌంటరు పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వాడు. "నువ్వెల్లి పట్టుకొచ్చేస్తావా? నువ్వా?" నేను పొంగిపోయాను. కొట్లో నా జోకులకి అంతలా నవ్వినవాళ్ళు లేరు. దీదీ అయితే ఇరవై ఏళ్ళలో రెండుసార్లు నవ్వింది, అందులో ఒకసారి నేను స్టూలు మీంచి పడ్డప్పుడు.

సీడీ మీద పేరు రాయబోతే చెయ్యి పట్టుకున్నాడు. "నా పేరొద్దు. బజన అని రాయించు. బజన ఎవడూ దొంగలించడు." అలాగే రాయించాం. ఈ సంగతి ఎలాగో తెలిసి మిగతా వేటగాళ్ళూ వరసగా వచ్చారు. ఏడాది తిరిగేసరికి మా బీరువా చూస్తే భజన, అన్నప్రాశన, సత్యనారాయణ వ్రతం. అన్నిట్లోనూ చేపలే.

రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే బాబాయ్ వేట నుంచి వచ్చి డింగీ దిగుతూ జెట్టీ మీద కూలిపోయాడు. పక్షవాతం. మాట పోయింది, కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. చేతిలో ఉన్న జీపీఎస్ డింగీకీ జెట్టీకీ మధ్య నీళ్ళలో పడింది. పక్కనున్నవాళ్ళు మనిషిని పట్టుకున్నారు, యంత్రాన్ని ఎవరు చూస్తారు?

ఆస్పత్రిలో మూడు వారాలు ఉంచి, ఆస్టినాబాద్‌లో కూతురింటికి తీసుకొచ్చారు. ఆ అమ్మాయి ఆయనకి ఒక్కతే సంతానం. అల్లుడు అయిదేళ్ళుగా ఆయన డింగీలోనే ముందు భాగాన కూర్చుని గేలాలు వేసేవాడు. వెనక ఇంజను దగ్గరికి, జీపీఎస్ దగ్గరికి మామ ఎవరినీ రానిచ్చేవాడు కాదు. ఇప్పుడు డింగీ ఉంది, ఇంజను ఉంది, చేతులున్నాయి. ఎక్కడికి పోవాలో తెలియదు. దగ్గరి నీళ్ళలో తిరిగితే డీజిలు ఖర్చు కూడా రావడం లేదు. ఎవరో డింగీ కొంటానని వచ్చి, ఆదివారం దాకా టైమిచ్చి వెళ్ళాడు. అమ్మేస్తే అల్లుడు ఇంకొకరి పడవలో కూలీ.

వాళ్ళిద్దరూ కొట్టుకి వచ్చారు. ఆ అమ్మాయి ఏడవలేదు. "అన్నా, నాన్న కిటికీలోంచి రోడ్డే చూస్తన్నాడు. లేచి నడిస్తే జెట్టీకే పోతాడు. అక్కడ డింగీ లేకపోతే ఏటి సెప్పను?" అంది.

నేను స్టూలు మీద నిటారుగా కూర్చున్నాను. ఇలాంటి రోజు కోసమే కదా నేను పుట్టింది! "చెల్లీ, కంగారు పడకు. నీ తండ్రి చేపల దారి మూడు చోట్ల ఉంది. ఒకటి కొట్లో, ఒకటి మీ ఇంట్లో పెట్టెలో, ఒకటి మా బియ్యంలో" అన్నాను. కొట్లో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా అన్నాను. దీదీ భజన సీడీ తీసి తుడిచి ఇచ్చింది. ఒక్క గీత లేదు. ఇంకో జీపీఎస్ అరువు తెచ్చి చుక్కలన్నీ ఎక్కించాను. "దూల్హా రాజా, జావో, పోయి రా" అని అల్లుడి భుజం తట్టాను.

మర్నాడు సాయంత్రం అతను వచ్చాడు. వచ్చి జీపీఎస్‌ని కౌంటరు మీద పెట్టాడు, పడెయ్యలేదు. పడేస్తే బాగుండేది.

"నాలుగు చోట్లకి ఎల్లినాను బావా. నాలుగు చోట్లా గుండు వదిలినాను. కింద బురద. బండ లేదు, చేప లేదు, ఏటీ లేదు."

వేటగాళ్ళు తాడుకి సీసపు గుండు కట్టి వదులుతారు. అది రాయికి తగిలితే చేతికి తెలుస్తుంది, బురదలో దిగితే అదీ తెలుస్తుంది.

"సరిగా చూసుకోలేదేమో" అన్నాను.

"నాకు బురద తెలీదా?" తర్వాత మెల్లగా, అందరి ముందూ అడిగాడు. "ఎవరికి అమ్మీసినావు బావా? అసలియ్యి అమ్మీసి, మాకు ఎవరియో ఎక్కించినావా?"

నేను స్టూలు దిగేలోగా దీదీయే లేచింది. "ఏయ్! ఈ ఆద్మీ బేవకూఫ్, మాన్తీ హూఁ. చోర్ నహీఁ హై!" దొంగ కాదంది సరే, తెలివితక్కువవాణ్ణని కూడా సాక్ష్యం చెప్పేసింది. రెండురోజుల్లో వేటగాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ సీడీలు అడగడం మొదలుపెట్టారు. అన్నప్రాశన పోయింది, వ్రతం పోయింది. బీరువా ఖాళీ అవుతుంటే నేను రాత్రీపగలూ బాబాయ్ భజన సీడీలు మూడూ పక్కపక్కన పెట్టి పోల్చి చూశాను. మూడిట్లోనూ అవే అంకెలు, చుక్క తేడా లేదు.

నాకున్న ఒక్క తెలివి ఏమిటంటే, యంత్రం అబద్ధం చెప్పదని తెలుసు. అబద్ధం చెప్పడం మనుషుల పని. కానీ బాబాయ్ తన యంత్రంతో తానే అబద్ధం చెప్పించుకుంటాడని నాకు ఎలా తోస్తుంది?

శనివారం పొద్దున్న ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆస్టినాబాద్ వెళ్ళాను. అల్లుడు గుమ్మంలో నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు గాని దారి ఇచ్చాడు. బాబాయ్ మంచం మీద దిళ్ళకి ఆనుకుని ఉన్నాడు. మొహం కుడివైపు జారిపోయింది. ఎడమ కన్ను మాత్రం పాత కన్నే, ఆ కన్నుతోనే నన్ను పలకరించాడు.

తెర మీద చుక్కలు చూపించాను. "ఇవి నీవేనా బాబాయ్?"

తల ఊపాడు, అవునని.

"ఇక్కడ చేపలున్నాయా?"

లేదని ఊపాడు.

"నీవే అంటావు, లేవంటావు. నన్ను చంపుతావా ఏమిటి?"

ఆయన ఎడమచేతి రెండు వేళ్ళు పెదాల దగ్గర పెట్టుకున్నాడు.

కూతురు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "ఓలమ్మో! బీడీయా? మూతి వంకరపోయి రెండు నెలలు కాలేదు, అప్పుడే బీడీ కావాలా? డాక్టరు ఏమన్నాడో మర్చిపోనావా?"

ఆయన కాదన్నట్టు చెయ్యి ఊపి, తెర చూపించి, మళ్ళీ వేళ్ళు పెదాల మీద పెట్టుకున్నాడు.

"సూడు, సూడు. పని సెప్పాలంటే ముందు బీడీ ఇయ్యాలంట. లంచం!" అంది కూతురు.

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. ఆయన ఎడమ చెయ్యి పిడికిలి చేసి మంచాన్ని కొట్టాడు. కంట్లో నీళ్ళు తిరిగాయి. ఎవరూ అర్థం చేసుకోని మాటని మూడోసారి చెప్పాల్సి వచ్చిన మనిషి కన్నీళ్ళు అవి. ఆయన నా చూపుడు వేలు పట్టుకున్నాడు. దాన్ని తెర మీద ఒక చుక్క మీద పెట్టాడు. పెట్టి, ఒడ్డు నుంచి దూరంగా, లోపలి సముద్రం వైపు, మెల్లగా ఈడ్చడం మొదలుపెట్టాడు. ఈడుస్తున్నంతసేపూ పనిచేసే సగం నోటితో పొగ వదులుతున్నట్టు ఊదుతున్నాడు. ఫూ. ఫూ.

గోడకి ఆనుకుని ఉన్న అల్లుడు ఒక్కసారిగా ముందుకి వచ్చాడు.

"ఆగు బావా." "కొత్త చోటు దొరికినప్పుడల్లా మావయ్య అక్కడ మీట నొక్కేవోడు కాదు. ఇంజను ఇంటేపు తిప్పి, బీడీ ముట్టించేవోడు. అది అయ్యాక నొక్కేవోడు. మల్లా ఆ చోటుకి ఎల్లేటప్పుడు కూడా అంతే. యంత్రం టింగుమన్నాక ఇంకో బీడీ. అలసటకి తాగుతున్నాడు అనుకునేవోళ్ళం!"

బాబాయ్ కళ్ళు మూసుకుని దిండు మీద తల వాల్చాడు. అమ్మయ్య అన్నట్టు.

అంటే చుక్క ఉన్న చోట చేప లేదు. చుక్క నుంచి ఒక బీడీ కాలేంత దూరంలో ఉంది. ఎవడైనా యంత్రం ఎత్తుకుపోయినా, ఎవడైనా భుజం మీంచి తొంగిచూసినా, వాడికి దొరికేది బురదే. యంత్రంలో సగం దాచి, మిగతా సగం తన ఊపిరితిత్తుల్లో దాచుకున్నాడు. నేనేమో మూడు సీడీల్లో ఆ మొదటి సగాన్ని గీత పడకుండా కాపాడాను! "మొత్తం ఎక్కింది బాబాయ్" అని చెప్పాను కూడా. ఆ రోజు ఆయన నా జోకుకి నవ్వలేదని అప్పటికి తెలిసింది. నేనే ఆయనకి జోకు.

"మరి ఎక్కించినరోజు చెప్పొచ్చు కదా బాబాయ్, ఇంకో బీడీ దూరం ఉందని?" అన్నాను.

ఆయన ఎడమ కన్ను తెరిచి నావైపు చూసిన చూపుకి అర్థం చెప్పక్కర్లేదు. నీకా?

మర్నాడే ఆదివారం. తెల్లవారగానే బయల్దేరాలి. చిక్కేమిటంటే అల్లుడు బీడీ తాగడు, అతనితో డింగీలో పనికి వచ్చే ఖలాసీ గుట్కా మనిషి. బీడీ తాగడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. పదకొండేళ్ళ కిందట మా ఆవిడ ఒట్టేయించుకుని మాన్పించింది. సంగతి చెబితే కాసేపు ఆలోచించి, "డింగీ కోసం అయితే తాగు. ఎన్ని తాగినావో లెక్క వచ్చి సెప్పాలి" అంది. ఆస్టినాబాద్ చెల్లెలు తండ్రి బీడీ కట్ట తెచ్చి నా జేబులో పెట్టింది. ఏ బీడీ పడితే అది కాదు, ఆయన తాగే రకమే ఉండాలట. కొలబద్ద మార్చకూడదు కదా.

నలభై ఏళ్ళ తర్వాత డింగీ ఎక్కాను. నా కడుపు మాత్రం నిన్ననే దిగినట్టు అన్నీ గుర్తుపెట్టుకుంది. మొదటి చుక్క దగ్గరికి చేరేసరికి గంజి, నిన్నటి అన్నం, ఆత్మగౌరవం అన్నీ సముద్రంలో కలిసిపోయాయి. ఖలాసీ నన్ను చూసి జాలిపడి, "అంకుల్, మేత బాగా ఏసినారు, ఇంక చేపలు తప్పక వస్తాయి" అన్నాడు. మా నాన్న పైనుంచి విని ఉంటాడు.

యంత్రం టింగుమంది. బీడీ ముట్టించాను. ఎదురు గాలికి అది అగరొత్తిలా రెండు నిమిషాల్లో కాలిపోయింది. గుండు వదిలారు. బురద. వెనక్కి వచ్చాం. రెండోది ముట్టించాను. సగంలో కడుపు తిరిగి, బీడీని కూడా నీళ్ళలో వదిలేశాను. మళ్ళీ వెనక్కి. అల్లుడు ఇంజను తిప్పుతూ పొద్దు ఎంత ఎక్కిందో చూసుకున్నాడు. సాయంత్రం కొనేవాడు వస్తాడు.

"బావా, నువ్వలాగ ఎదురుగా కూకోకు" అన్నాడు చివరికి. "మావయ్య ఎనక్కి తిరిగి, గాలికి వీపు పెట్టి, దోసిట్లో పెట్టుకుని తాగేవోడు. తొందరపడేవోడు కాదు. ఎర్రదారం కట్టి ఉంటాది సూడు, అది కాలేదాకా పారేసేవోడు కాదు."

వెనక్కి తిరిగాను. ఇప్పుడు నా ఎదురుగా ఇల్లున్న వైపు ఉంది. ఏమీ కనబడటం లేదు గాని అటే అని తెలుసు. దోసిట్లో బీడీ, వీపు మీద గాలి. ఇంజను ఒకే శ్రుతిలో పోతోంది. బాబాయ్ ఇన్నేళ్ళూ ఇలాగే కూర్చుని, ఎవరికీ చెప్పకుండా, ఈ కాస్త దూరాన్ని పొగతో కొలుచుకున్నాడు. నాకు కడుపులో తిప్పడం ఆగింది. నెమ్మదిగా, ఆయనలాగే, ఎక్కడికీ పోవాల్సిన పని లేనట్టు తాగాను. దారం చిటపటమని వేలు కాల్చింది.

"ఇక్కడ!" అని అరిచాను.

ఇంజను ఆగింది. ఖలాసీ గుండు వదిలాడు. తాడు జారుతూ, జారుతూ, ఆగింది. అల్లుడు ఖలాసీ చేతిలోంచి తాడు లాక్కున్నాడు. కాస్త పైకెత్తి మళ్ళీ వదిలాడు. నా చేతిని తాడు మీద పెట్టాడు. ఎత్తాను, వదిలాను. కింద ఎక్కడో రాయి మీద గుండు తగిలిన దెబ్బ తాడు వెంట వచ్చి నా అరచేతిని తట్టింది.

అతను "బావా" అన్నాడు. వెంటనే గేలాలు అందుకున్నాడు.

గేలాలు పడ్డాయి. మధ్యాహ్నం దాకా ఎర్ర చేపలు వస్తూనే ఉన్నాయి. నేను మేత వేసే పని చూసుకున్నాను, పాత పద్ధతిలోనే.

సాయంత్రం కొనడానికి వచ్చిన మనిషికి ఒక చేప ఇచ్చి పంపించేశారు. ఇంకో పెద్దదాన్ని తెచ్చి బాబాయ్ మంచం పక్కన బేసిన్‌లో పెట్టారు. ఆయన దాన్ని చూశాడు, నా కాలిన వేలు చూశాడు. సగం మొహంతో నవ్వాడు. కొట్లో కౌంటరు పట్టుకుని నవ్వాడే, అదే నవ్వు.

అందరి సీడీలూ తిరిగి బీరువాలోకి వచ్చాయి. దీదీ ప్రతివాణ్ణీ నిలబెట్టి, "పహలే మాఫీ బోలో" అని నాకు క్షమాపణ చెప్పించి గాని తీసుకోలేదు. బాబాయ్ మరో నాలుగేళ్ళు బతికాడు. కర్ర పట్టుకుని జెట్టీ దాకా నడిచేవాడు. డింగీని చూసుకుని వచ్చేవాడు.

ఆయన పోయిన ఏడాదే అల్లుడు పెళ్ళాంతో కలిసి కొట్టుకి వచ్చాడు. కొత్త జీపీఎస్, కొత్తగా వెతికి పట్టుకున్న చోట్లు. ఈసారి పెన్‌డ్రైవులో మూడు నకళ్ళు. నేను ఎక్కించడం పూర్తిచేసి, ఈసారి నోరు జారకుండా అడిగాను: "బావా, ఇందులో ఉన్నది మొత్తమా? సగమా?"

అతను సీలింగు ఫ్యాను వైపు చూశాడు.

"నువ్వు బీడీ తాగవు కదా, దేనితో కొలుస్తావు? నాకు చెప్పకు. కానీ మీ మావయ్యలా నీలోనే పెట్టుకుంటే రేపు నువ్వు ఎవరి వేలు పట్టుకుని ఈడుస్తావు? ఈ చెల్లెలికైనా చెప్పు."

"ఆడోళ్ళకేటి తెలుస్తాది బావా, సముద్రం సంగతి..." అని నసిగాడు.

చెల్లెలు సంచీ జిప్పు వేస్తూ, తల కూడా ఎత్తకుండా అంది: "రోజూ క్యారేజీలో రెండు పూరీలు ఏరేగా సుట్టి పెట్టమంటాడన్నా. అన్నంతో తినడు. ఎందుకో నాకు తెల్దనుకుంటన్నాడు."

అల్లుడు అదిరిపడి అటూ ఇటూ చూశాడు. "మెల్లగా! జనం ఇంటారు!"

దీదీ అప్పుడే బిల్లు పుస్తకంలో తల దూర్చి, చెవుడు వచ్చినట్టు ఏదో రాసుకోవడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ళలో ఆవిడ మూడోసారి నవ్వడం అప్పుడే చూశాను, పుస్తకం వెనక భుజాలు అదురుతుంటే.

కాబట్టి పిల్లలూ, ఫొటోలు ఎక్కడ పెట్టినా ఫరవాలేదు. తాళం ఎక్కడుందో ఇంట్లో ఒక మనిషికి తెలిసేలా బతకండి. ఇక జెట్టీ కుర్రాళ్ళకి వేరే మాట. ఇది చదివి, బీడీ కట్టో పూరీల పొట్లమో పట్టుకుని, ఇంటికి వీపు పెట్టి బయల్దేరుతారేమో, డీజిలు దండగ. అది బీడీ కాదు, అవి పూరీలు కావు, ఆ దిక్కూ అది కాదు. అచ్చులో పెట్టే ముందు నేనూ అన్నీ కాస్త పక్కకి జరిపాను.